మా పాప ఇష్టంగా తిన్నది అందరి పిల్లలకూ అమ్మవచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ముగ్గురూ తల్లులే, ముగ్గురి ఆలోచనా శిశు ఆహారం తయారీ గురించే. ఒకరు ఉద్యోగం వదలబోతున్నారు, ఒకరు ఇప్పటికే వదిలారు, ఒకరు తిరిగి వెళ్లాలనుకుంటున్నారు. మొదటి ఉత్తరంలోని ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది కనుక దానికి జవాబు మిగతా రెండింటికంటే చాలా పొడవుగా ఉంటుంది.

ప్రశ్న: నేను పదకొండేళ్లుగా ఒక సంస్థలో ఆర్థిక విశ్లేషకురాలిగా పనిచేస్తున్నాను. మా పాపకు ఇప్పుడు పదహారు నెలలు. ప్రసూతి సెలవు ముగిశాక, పాపకు ఏది పెట్టాలో తేల్చుకోవడానికి దుకాణాలలో దొరికే శిశు ఆహారాల డబ్బాల మీది చిన్న అక్షరాలన్నీ చదివి నిరుత్సాహపడ్డాను. పేరులో కూరగాయలు ఉన్నా, పదార్థాల జాబితాలో పండ్ల రసపు గాఢద్రవమే ముందుండేది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం కూరగాయలు, పండ్లు ఆవిరి మీద ఉడికించి, మెత్తగా గుజ్జు చేసి, గాజు సీసాలలో నింపి, ఫ్రిజ్‌లో పెట్టి వారమంతా వాడుతున్నాను. సహోద్యోగులు అడిగితే వారికీ ఇచ్చాను. వారి ద్వారా మరికొందరు వచ్చి, ఇప్పుడు ఇరవై రెండు కుటుంబాలు వారానికోసారి డబ్బిచ్చి తీసుకుంటున్నాయి. ఉద్యోగం మానేసి దీనినే కంపెనీగా మార్చాలని ఉంది. రెండేళ్లు ఇల్లు గడిచేంత పొదుపు ఉంది. నా భర్త వద్దనడం లేదు గానీ, ఏడాది ఆగమంటున్నారు. పాపతో గడిపే సమయం కూడా పెరుగుతుందని నా ఆశ. నా నిర్ణయం సరైనదేనా? మొదట ఏమి చేయాలి?

జవాబు: ఆలోచన మంచిది, రాజీనామా మాత్రం ఇప్పుడే వద్దు. అయితే ఈ రెండు మాటలకూ కారణాలు చెప్పే ముందు ఒక తొందర పని ఉంది. వారం రోజులు నిల్వ ఉంచే సీసాలను ఇతరుల పిల్లలకు ఇవ్వడం ఈ ఆదివారం నుంచే ఆపేయండి. ఇంట్లో ఉడికించి గుజ్జు చేసిన ఆహారాన్ని ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉంచకపోవడమే మంచిది. అంతకు మించితే గడ్డకట్టించి దాచాలి. లిస్టీరియా వంటి సూక్ష్మజీవి ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. మీ ఇంట్లో సీసా ఎప్పుడు బయటకు తీశారో, ఎంతసేపు బల్ల మీద ఉంచారో, పాప నోట్లో పెట్టిన చెంచాను మళ్లీ అదే సీసాలో ముంచారో లేదో మీకు తెలుసు. మిగిలిన ఇరవై రెండు ఇళ్లలో ఏం జరుగుతోందో మీకు తెలియదు. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు కదా అని మీకు అనిపించవచ్చు. అలా అనిపించడం సహజమే గానీ, ఇరవై రెండు కుటుంబాలలో ఏమీ కాకపోవడం రెండు వేల కుటుంబాల విషయంలో హామీ కాజాలదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ రంగంలో తరచుగా చెప్పుకునే కథ అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో జరిగింది. 1927లో డొరొతీ గెర్బర్ అనే తల్లి తన పసిపాప కోసం వంటింట్లో బఠాణీలు వడగట్టి విసిగిపోయి, ఈ పని కర్మాగారంలోనే ఎందుకు చేయకూడదని భర్తను అడిగిందట. మరుసటి ఏడాదే ఆ డబ్బాలు మార్కెట్లోకి వచ్చాయి. ఈ కథ చెప్పేవారు తల్లి ప్రేమ దగ్గరే ఆగిపోతారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది మరొకటి: ఆ కుటుంబానికి అప్పటికే కూరగాయలు, పండ్లు డబ్బాలలో నింపే కర్మాగారం ఉంది. ఎంత వేడి, ఎంతసేపు, ఎలాంటి మూత అన్నవి తెలిసిన మనుషులు, వాటికి కావలసిన యంత్రాలు ఆమె ఆలోచన పుట్టిన రోజునే సిద్ధంగా ఉన్నాయి. మీ దగ్గర ఆలోచన ఉంది, రుచి ఉంది, నమ్మే మనుషులున్నారు. లేనిది ఆ కర్మాగారం. దానిని సొంతంగా కట్టుకోవాలని అనడం లేదు, ఆ జ్ఞానాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో తేల్చుకోకుండా జీతం వదులుకోవద్దంటున్నాను.

ఆ జ్ఞానం ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది తల్లులు తమ చేతి శుభ్రత మీద అతిగా ఆధారపడతారు. గాలి చొరని సీసాలో, ఆమ్లత తక్కువగా ఉన్న తడి ఆహారంలో, గది వేడిమి వద్ద, క్లాస్ట్రిడియం బాట్యులినం అనే సూక్ష్మజీవి పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారు చేయగలదు. దాని స్పోర్లు, అంటే వేడిని తట్టుకునే విత్తనాల వంటి రూపాలు, మట్టిలో ఉంటాయి కనుక క్యారెట్, బీట్‌రూట్, చిలగడదుంప వంటి నేలలో పెరిగే కూరగాయలకు అంటుకుని రావచ్చు. మామూలుగా మరిగించినంత మాత్రాన ఆ స్పోర్లు చావవు. ఆహార సాంకేతిక నిపుణులకు, ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకెలలో 4.6 ఒక సరిహద్దు గీత. దాని కింద ఉన్న పుల్లని ఆహారాలలో ఆ స్పోర్లు మొలకెత్తలేవు కనుక మరిగే వేడి సరిపోతుంది. దాని పైన ఉన్నవాటిని ఒత్తిడితో కూడిన పాత్రలో, సీసా నట్టనడుమ కూడా 121 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు మూడు నిమిషాలు నిలిచినంత ఫలితం వచ్చేలా వేడి చేయాలి. అంచుల దగ్గరి వేడి కొలిస్తే చాలదు, నడుమ కొలవాలి. గుజ్జు చిక్కనయ్యే కొద్దీ వేడి నడుమకు చేరడం ఆలస్యమవుతుంది కనుక, మీరు రుచి కోసం రెండు చెంచాల పిండి ఎక్కువ కలిపిన రోజున ఆ సమయాన్ని మళ్లీ లెక్క కట్టించుకోవలసి ఉంటుంది. ఇంట్లోని ప్రెషర్ కుక్కర్ కూడా దాదాపు ఆ వేడిని చేరుతుంది కదా అని అడిగేవారుంటారు. చేరుతుంది, కానీ సీసా మధ్యలో ఏ క్షణాన ఎంత వేడి ఉందో అది చెప్పదు.

అందువల్ల మీ ముందు మూడు దారులున్నాయి. గది వేడిమి వద్ద నిలిచే తడి ఆహారం మొదటిది, చల్లగా గానీ గడ్డకట్టించి గానీ అమ్మేది రెండవది, నీటితో కలుపుకునే పొడి మూడవది. మొదటి దారిలో వెళ్లాలంటే యంత్రాలున్న కాంట్రాక్ట్ తయారీదారు తప్పనిసరి, వారు ఒక్కో విడతకు అడిగే కనీస పరిమాణం మీ ఇరవై రెండు కుటుంబాలు ఏడాదికి తినేదానికంటే ఎక్కువే కావచ్చు. రెండవ దారి మీ ఇప్పటి పనికి దగ్గరిది. కానీ గడ్డకట్టించడం సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుందే గానీ వాటిని చంపదు, తయారీ నుంచి తల్లి చేతికి చేరేవరకు ఆ చల్లదనం ఒక్కచోట తెగినా నష్టం మీదే. పొడి అన్నింటికంటే సులువుగా కనిపిస్తుంది, ఎందుకంటే నీరు లేనిచోట ఏదీ పెరగదు. అయితే పెరగకపోవడం వేరు, బతికి ఉండకపోవడం వేరు. సాల్మొనెల్లా, క్రోనోబ్యాక్టర్ వంటి సూక్ష్మజీవులు పొడిలో నెలల తరబడి బతికి ఉండి, తల్లి గోరువెచ్చని నీళ్లు కలిపిన తరువాత మేలుకుంటాయి. గింజలను వేయించినప్పుడు అవి చచ్చినా, ఆ తరువాత పిండి పట్టే యంత్రం నుంచో, జల్లెడ నుంచో, సంచి నుంచో మళ్లీ చేరవచ్చు. పొడి ఆహారాలలో జరిగే పొరపాటు తరచుగా పొయ్యి దగ్గర కాక పొయ్యి దాటాకే జరుగుతుంది.

ఈ మూడింటిలో నన్ను ఒకటి ఎంచుకోమంటే, మొదటి ఏడాదికి పుల్లని పండ్లతో ఒకే ఒక్క రకం, లేదా ఒకే ఒక్క పొడి అంటాను. ఆరు రకాలతో మొదలుపెట్టాలన్న కోరిక అందరికీ ఉంటుంది, అరలో నిండుగా కనిపిస్తుందని. కానీ ఆరు రకాలంటే ఆరు నిల్వ పరీక్షలు, ఆరు లేబుళ్లు, ఆరుచోట్ల ఇరుక్కుపోయిన పెట్టుబడి.

ఆరోగ్యకరం అన్న మాట గురించి కూడా మనసు విప్పి మాట్లాడుకోవాలి. మీరు డబ్బాలలో చూసి బాధపడినది తీపి. అది న్యాయమైన బాధే. కానీ తీపి తీసేసి కూరగాయల గుజ్జు నింపినంత మాత్రాన శిశువుకు అవసరమైనది అందినట్లు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, తల్లిపాలు సగటుగా తాగే బిడ్డకు అనుబంధ ఆహారం నుంచి ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు దాదాపు 200 కిలోకేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య 300, ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 550 కావాలి. చాలా కూరగాయల గుజ్జులలో అధికభాగం నీరే. చిన్న పొట్ట దానితో నిండిపోతే, శక్తినిచ్చే ఆహారానికి చోటు ఉండదు. అంతకంటే ముఖ్యమైనది ఇనుము. పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు ఆరో నెల దగ్గరికి వచ్చేసరికి తరిగిపోతాయి, తల్లిపాలలో అది తక్కువ. ధాన్యాలు, పప్పులలో ఇనుము ఉన్నా వాటిలోని ఫైటేట్లు అనే పదార్థాలు దానిని ఒంటికి సరిగా పట్టనివ్వవు. గింజలను నానబెట్టి మొలకెత్తించి ఎండబెడితే ఫైటేట్లు తగ్గుతాయి, మొలకలలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల జావ కూడా పలచబడి, అంతే పలచదనంలో ఎక్కువ పిండి కలపడానికి వీలవుతుంది. విటమిన్ సి ఉన్న పండు పక్కన ఉంటే ఇనుము మరింతగా ఒంటికి పడుతుంది, కానీ ఆ విటమిన్ వేడికీ నిల్వకూ తరిగిపోతుంది కనుక, వండక ముందు లెక్కను కాక, గడువు తేదీ నాటికి సీసాలో మిగిలినదానిని కొలిపించాలి. మీ ఉత్పత్తి ప్రత్యేకత ఏమిటని రేపు ఎవరైనా అడిగితే, ‘చక్కెర లేదు’ అనడం కంటే ‘ఈ వయసు బిడ్డకు కావలసిన ఇనుములో ఇంత భాగం ఇస్తుంది’ అని ప్రయోగశాల నివేదికతో చెప్పగలగడం బలమైన జవాబు.

సహజమైనది కనుక సురక్షితం అనే మాటను కూడా పక్కన పెట్టండి. బియ్యం నేలలోని, నీటిలోని ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని మిగతా ధాన్యాలకంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. దుంపలలోకి సీసం, కాడ్మియం అనే విషలోహాలు చేరతాయి. సేంద్రియంగా పండించినా ఇది మారదు, ఎందుకంటే అవి మట్టిలోనే ఉంటాయి. శిశు ఆహారం తయారీకి వాడే బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ (ఎక్కువ హానికరమైన రూపం) కిలోకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ఐరోపా సమాఖ్య పరిమితి విధించింది. అమెరికా ఆహార ఔషధ సంస్థ కూడా 2020లో శిశువుల బియ్యపు ఆహారానికి అదే స్థాయిని సూచించింది. మీ దేశపు చట్టం ఏమి చెప్పినా, ముడిసరుకు ప్రతి లోడుకూ ఈ పరీక్ష చేయించే ఖర్చును ధరలో మొదటి రోజునే కలపండి. తరువాత కలుపుదామనుకున్నవారు ఎప్పటికీ కలపలేకపోవడం నేను చూశాను. లైసెన్సు, లేబులు నిబంధనలు మీరున్న చోటి ఆహార భద్రతా అధికారుల దగ్గర తెలుస్తాయి. వాటికి వెన్నెముకలా ఉండే అంతర్జాతీయ ప్రమాణాలు కోడెక్స్ అలిమెంటారియస్ అనే ఆహార ప్రమాణాల సంకలనంలో ఉన్నాయి, డబ్బాలలో నింపిన శిశు ఆహారానికీ, ధాన్యాధారిత శిశు ఆహారానికీ 1981 నుంచి వేర్వేరు ప్రమాణాలున్నాయి. వాటిని స్వయంగా చదవండి. అంకెలు చదివే వృత్తిలో ఉన్న మీకు అది కష్టమేమీ కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. సబ్బు అమ్మేవాడి ఖాతాదారు జీవితాంతం సబ్బు కొంటాడు. మీ ఖాతాదారు మాత్రం పెరిగి పెద్దవుతాడు. ఆరో నెలలో మొదలుపెట్టిన బిడ్డ, ఏడాది దాటేసరికి ఇంట్లో అందరూ తినేదే తినడం మొదలుపెడతాడు, అది మంచిదే కూడా. ఉదాహరణకు మీకు 360 కుటుంబాలు ఉన్నాయనీ, ఒక్కొక్కటి సగటున తొమ్మిది నెలలు కొంటుందనీ అనుకుందాం. అంటే నెలకు నలభై కుటుంబాలు వెళ్లిపోతాయి. ఉన్నచోట ఉండడానికే ప్రతి నెలా నలభై కొత్త కుటుంబాలను వెతకాలి, ఎదగాలంటే అంతకుమించి. ఆ నలభై మందినీ తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు, వారు తొమ్మిది నెలల్లో ఇచ్చే మిగులుకంటే తక్కువగా ఉందో లేదో తేలేవరకు, అమ్మకాలు పెరుగుతున్నాయన్న సంతోషానికి అర్థం లేదు. దీనికి తోడు ముడిసరుకుకు, సీసాలకు, కాంట్రాక్ట్ తయారీదారుకు ముందే చెల్లించాలి, దుకాణదారు మాత్రం సరుకు అమ్ముడయ్యాక ఎప్పుడో ఇస్తాడు, గడువు దగ్గరపడినది తిరిగి పంపిస్తాడు. రెండేళ్ల ఇంటి ఖర్చుకు ఉన్న పొదుపు వ్యాపారానికి పెట్టుబడి కాదు. ఆ రెండింటినీ ఒకే ఖాతాలో చూడడం మీ వృత్తిలో మరొకరు చేసి ఉంటే మీరే ఎర్ర సిరాతో గీత గీసేవారు.

మీ భర్త చెప్పిన ఏడాదికి ఒక పని కల్పించండి. ఆగడం వేరు, ఉద్యోగంలో ఉంటూ పరీక్షించడం వేరు. ఒకే ఒక్క ఉత్పత్తిని ఆహార సాంకేతిక నిపుణుడితో కలిసి ఖరారు చేసి, అర్హత ఉన్న ప్రయోగశాలలో నిల్వ పరీక్షకు పెట్టండి. ఆరు నెలల నిల్వ కాలం రాయాలంటే, త్వరిత పరీక్షలు ఎన్ని ఉన్నా, నిజంగా ఆరు నెలలు ఉంచి చూసినదానికి సాటిరావు. ఆ కాలమంతా మీకు జీతం అందుతూనే ఉంటుంది. ఒక చిన్న విడతను లైసెన్సు ఉన్న చోట చేయించి, మీ ముఖం తెలియని వారికి పూర్తి ధరకు అమ్మండి. స్నేహితురాలు మొదటిసారి కొనడం అభిమానం, ముక్కూ మొహం తెలియని తల్లి రెండోసారి కొనడమే మీకు కావలసిన సమాచారం. నిల్వ పరీక్ష గట్టెక్కి, అపరిచితులలో గణనీయమైన భాగం మళ్లీ కొని, పరీక్షల ఖర్చూ మీ జీతమూ కలిపిన ధరకు కూడా వారు వెనుకాడకపోతే, ఆ రోజున రాజీనామా ఇవ్వండి. వీటిలో ఒకటి తప్పినా ఇవ్వవద్దు.

పాపతో సమయం పెరుగుతుందన్న ఆశను మాత్రం కారణాల జాబితా నుంచి కొట్టేయండి. తయారీ ఉన్న రోజుల్లో మీరు తెల్లవారకముందే అక్కడుంటారు, సరుకు ఆగిన రాత్రి ఫోన్ మీ దిండు కిందే మోగుతుంది. మీరు కోరుకునేది సమయమే అయితే, పని గంటలు తగ్గించమని ఇప్పటి సంస్థను అడగడం దానికి దగ్గరి దారి.

ప్రశ్న: ఉద్యోగం మానేసి ఆరు నెలలైంది, లైసెన్సు వచ్చింది. లేబులు రాయడంలో తర్జనభర్జన పడుతున్నాము. తీపి కోసం ఆపిల్ రసపు గాఢద్రవం కలుపుతున్నాము గనుక ‘చక్కెర కలపలేదు’ అని రాయవచ్చు కదా? వయసు ‘నాలుగు నెలల నుంచి’ అని వేస్తే మార్కెట్ పెరుగుతుందని మా పంపిణీదారు సలహా ఇచ్చారు. అలర్జీ భయంతో వేరుశనగ, గుడ్డు పూర్తిగా మానేశాము. మా దారి సరైనదేనా?

జవాబు: మొదటి దానికి, కొన్నిచోట్ల చట్టం అడ్డు చెప్పకపోయినా, రాయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం తేనె, పండ్ల రసం, రసపు గాఢద్రవంలోని చక్కెరలు కూడా పరిమితం చేయవలసిన చక్కెరల లెక్కలోకే వస్తాయి. పైగా, తల్లులు డబ్బా తిప్పి చదవడం నేర్చుకున్నారు. మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలు ఈ వ్యాపారం గురించి ఆలోచించడానికి కారణమే ఆ గాఢద్రవం. గుర్తుకొచ్చింది కాబట్టి చెబుతున్నాను, దానికి బదులు తేనె కలపాలని మాత్రం అనుకోకండి. ఏడాదిలోపు బిడ్డ పేగులలో తేనెలోని బాట్యులినం స్పోర్లు మొలకెత్తే ప్రమాదం ఉంది.

నాలుగు నెలల సలహాను నిరాకరించండి. ఆరు నెలలలోపు బిడ్డలకు తగినవని అనుబంధ ఆహారాలను ప్రచారం చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ 2016లో స్వాగతించిన మార్గదర్శకం స్పష్టంగా చెబుతోంది. మెదడు చురుకుదనం, రోగనిరోధక శక్తి పెంచుతుందనే మాటలు కూడా అదే కోవలోకి వస్తాయి.

అలర్జీ విషయంలో మీ భయం పాతకాలపు సలహా మీద నిలబడి ఉంది. 2015లో వెలువడిన లీప్ అధ్యయనంలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న శిశువులకు మొదటి ఏడాదిలోనే వేరుశనగను తగిన రూపంలో ఇవ్వడం మొదలుపెడితే, ఐదేళ్ల వయసుకు వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గినట్లు తేలింది. తీవ్రమైన ఎగ్జిమా (దురదతో చర్మం ఎర్రబడే జబ్బు) గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న బిడ్డకు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. వేరుశనగను తినే పదార్థంగా చేర్చాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ చేర్చితే దానిని ప్రత్యేక యంత్రం మీద గానీ, ప్రతి విడత తరువాత నిరూపించదగిన శుభ్రతతో గానీ తయారు చేసి, లేబులు మీద స్పష్టంగా చెప్పాలి. అలర్జీ కారకం ఉన్న ఆహారం కంటే, ఉన్నట్టు చెప్పని ఆహారమే ప్రమాదం.

మీరు అడగకపోయినా ఇంకొక్క మాట. పీల్చుకునే పౌచ్ తల్లికి సౌకర్యమే గానీ, బిడ్డ అన్నీ పీల్చుకుంటూనే ఉంటే నమలడం, చెంచాతో తినడం నేర్చుకోవడం ఆలస్యం కావచ్చు. పౌచ్ మీద ‘చెంచాలో వేసి తినిపించండి’ అని రాయడానికి సిరా తప్ప వేరే ఖర్చు లేదు. ఎనిమిదో నెల దాటిన బిడ్డలకు కాస్త పలుకులు తగిలే రకాన్ని విడిగా చేయగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: మూడేళ్ల క్రితం ఉద్యోగం వదిలి శిశు ఆహార సంస్థ పెట్టాను. నష్టం పెద్దగా లేదు, లాభమూ లేదు. అలసిపోయాను. పాత సంస్థ తిరిగి రమ్మంటోంది. మూసివేయాలని ఉంది గానీ, నమ్మి కొన్న తల్లులకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు.

జవాబు: వెళ్లండి. మూడేళ్లు సరుకు కొని, ఉత్పత్తి చేసి, అమ్మి, ఒక్క బిడ్డకూ హాని జరగకుండా చూసుకున్న మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవడం ఆ సంస్థకు లాభమే. జీతం మాట్లాడుకునేటప్పుడు ఆ మూడేళ్లను ఖాళీగా చూపించకుండా అనుభవంగా లెక్కించమనండి.

తల్లులకు ముఖం చూపించడం ఒక ఉత్తరంతో అయ్యే పనే. ఏ తేదీ వరకు అమ్ముతారో, ఆ తరువాత బిడ్డకు ఇలాంటిదే ఇంట్లో ఎలా చేసుకోవచ్చో రాయండి. మీ తయారీ రహస్యం ఇక మీకు అక్కరలేదు కదా. అయితే మూసివేసే తొందరలో చాలామంది మరిచేది ఒకటుంది. మీ చివరి విడత డబ్బాలు మీరు తలుపు మూసిన తరువాత కూడా నెలల తరబడి ఎవరో ఒకరి అరలో ఉంటాయి. వాటి గడువు తేదీ దాటేవరకు ఆ విడతల నమూనాలను పారేయకండి, ఏ ముడిసరుకు ఎక్కడి నుంచి వచ్చి ఏ విడతలో కలిసిందో, ఆ విడత ఎవరికి వెళ్లిందో చెప్పే పుస్తకాలను భద్రపరచండి, బీమాను కొనసాగించండి, డబ్బా మీద ఉన్న ఫోన్ నంబరును తీసేయకండి. కొత్త ఉద్యోగంలో మొదటి కొన్ని నెలలు ఆ ఫోన్ కూడా మీ సంచిలోనే ఉంటుంది.